వాసన లేదు

"అగ్గిపుల్ల వదిలెయ్యండి."

మేస్త్రి మణికట్టు ఆమె రెండు చేతుల మధ్య ఇరుక్కుని ఉంది. పుల్ల తల అగ్గిపెట్టె అంచుకు తగిలీ తగలనట్టు ఆగిపోయింది. మేడ మెట్లు ఒక్క పరుగున దిగి వచ్చిన ఇల్లాలికి ఆయాసంతో మాట సరిగా రావడం లేదు.

"ఏమైందిప్పుడు? టీ చల్లారిపోయింది, వేడి చేసుకుందామని లేచాను. అదీ తప్పేనా?"

"ముందు వదిలెయ్యండి. తర్వాత మాట్లాడుకుందాం."

ఆయన వదిలేశాడు. ఆమె స్టవ్ కట్టేసి, సిలిండర్ కట్టేసి, కిటికీ తలుపులు రెండూ తెరిచి, వెనక గుమ్మం బార్లా తీసింది. పాలు పొంగి మంట ఎప్పుడు ఆరిపోయిందో ఏమో, స్టవ్ చుట్టూ పాలు అప్పుడే అట్ట కట్టాయి. గ్యాసు వాసన మేడ మెట్ల దాకా పాకింది. పైన బట్టలు ఆరేస్తున్న మనిషికి తెలిసింది కానీ, స్టవ్‌కి మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకుని నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుతున్న మనిషికి తెలియలేదు.

"పేపర్లో పడి చూసుకోలేదు," అన్నాడు మేస్త్రి.

"పేపరు కళ్లతో కదా చదువుతారు. ముక్కు ఖాళీగానే ఉంటుందిగా."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ ఇంట్లో ఎవరినేమన్నా అనొచ్చు గానీ ఆ ముక్కుని మాత్రం ఏమీ అనకూడదు. ఇరవై ఆరేళ్లుగా జిగురు ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనే పిలుస్తారు. ఉడుకుతున్న జిగురు మీద ఒక్కసారి ముఖం పెట్టి, 'ఇంకో పావుగంట' అని ఆయన అంటే, అరగంట తర్వాత ల్యాబు నుంచి కాగితం వచ్చి అదే మాట చెప్పేది. మనిషికి కోపం ముక్కు మీద ఉంటుందని పనివాళ్లు చాటున నవ్వుకునేవారు. ఆ ముక్కులో ఇంకేమీ మిగల్లేదని మాత్రం ఎవరూ అనుకోలేదు, ఇంత కాలం పక్కలో పడుకున్న పెళ్లాంతో సహా.

"కూర్చోండి," అంది ఆమె. "కళ్లు మూసుకోండి."

"ఏమిటీ పిల్లాట?"

"కళ్లు మూసుకోమన్నాను."

ఆయన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. కాఫీ పొడి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేమిటి?"

ఆయన గట్టిగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. "సబ్బు."

ఆమె డబ్బా పక్కన పెట్టి, ఈసారి నిజంగానే ఒంటి సబ్బు తెచ్చింది.

"ఇది?"

"ఏదో డబ్బా. కాఫీయా?"

ఆమె కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయ రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క పట్టుకు రాగానే ఆయన తడుముకోకుండా చెప్పాడు.

"ఉల్లిపాయ. చూశావా మరి? ఊరికే కంగారుపడి పోతావు."

"కళ్లలో నీళ్లొచ్చాయి కాబట్టి చెప్పారు."

ఆయన కళ్లు తెరిచాడు. నీళ్లు నిజంగానే కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఆమె కూడా ఉల్లిపాయ ముక్క చేతిలో పట్టుకునే నిలబడింది. ఇద్దరికీ కళ్లు తడిగా ఉన్నాయి, తప్పు ఉల్లిపాయ మీదికి తోసెయ్యడం ఇద్దరికీ సులువుగా ఉంది.

"ఏడాదిగా కూరలో రుచి లేదంటున్నారు," అంది ఆమె చివరికి. "ఉప్పు చాలలేదు, పులుపు చాలలేదు, నీ చెయ్యి మారిపోయిందన్నారు. చుట్టాల ముందు కూడా అన్నారు. నేను నిజమేననుకున్నాను. ప్రతి కూరా రెండుసార్లు రుచి చూసి మరీ దించేదాన్ని."

"నాకేం తెలుసు?"

"తెలీదా?"

మేస్త్రి పేపరు మడతపెట్టాడు. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు, ఊరుకోలేడు.

"జలుబనుకున్నాను," అన్నాడు. "పోతుంది, వస్తుంది అనుకున్నాను. పూర్తిగా పోయిందని ఎవరు మాత్రం అనుకుంటారు? చెవి పోతే తెలుస్తుంది, కన్ను పోతే తెలుస్తుంది. ఇది పోతే, లోకంలోనే వాసన లేదనిపిస్తుంది."

"ఎప్పటినుంచి?"

ఆయన తెరిచిన గుమ్మం వైపు చూశాడు.

"నేనడిగేది మీకర్థమైంది. వానాకాలంలో అంతమంది ముందు నిలబడి మీ అక్కని, మా వదినని, అనరాని మాట అన్నారే, అప్పటికి మీకు ముక్కుందా?"

ఆ ప్రశ్న అడగడానికి ఆమెకు ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ సంగతి ఎత్తకూడదని ఇంట్లో తొమ్మిది నెలలుగా నియమం.

ఫ్యాక్టరీ సగం ఇప్పుడు నీళ్లతో చేసే జిగురే చేస్తోంది, దానితో పేచీ లేదు. చెప్పులకీ తోలు సంచులకీ వాడే జిగురు మాత్రం ఇంకా ఘాటైన సాల్వెంట్ ద్రావకం పోసే చేస్తారు. దాన్ని ఆరబెట్టే గదిలోంచి లేచే ఆవిరంతా ఒక గొట్టం గుండా డాబా మీదికి పోతుంది. అక్కడ నాలుగు పెద్ద డ్రమ్ముల నిండా నల్లటి బొగ్గు ఉంటుంది. ఆవిరిని బొగ్గు పీల్చుకుంటుంది, మంచి గాలి బయటికి పోతుంది. ఆ డ్రమ్ములు పెట్టించమని మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది మేస్త్రే. ఫ్యాక్టరీ వెనక గోడకి ఆనుకున్న వీధిలోనే ఆయన అక్క ఉంటుంది మరి.

అయితే బొగ్గు కడుపుకీ ఒక హద్దుంటుంది. నిండాక ఇంక పీల్చుకోదు, వచ్చింది వచ్చినట్టే వదిలేస్తుంది. నిండిందో లేదో చెప్పే మీటరు కొందామని ఇంజనీరు అంటే మేనేజరు నవ్వాడు. "మన మేస్త్రి ముక్కుండగా మీటరెందుకయ్యా?" అన్నాడు. ఆ మాట మేస్త్రి ఇంటికొచ్చి నాలుగుసార్లు చెప్పుకున్నాడు. ఆ రోజు ఆమె కూడా మురిసిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

అప్పటినుంచి షిఫ్టుకోసారి ఆయన డాబా ఎక్కుతాడు. మోచేతి మడతలో తన చొక్కానే ఒకసారి వాసన చూసుకుంటాడు, ముక్కు తేటపడుతుందని. తర్వాత గొట్టం మూతి దగ్గర ముఖం పెట్టి పీల్చి, పుస్తకంలో 'వాసన లేదు' అని రాసి సంతకం పెడతాడు. వాసన వచ్చిన రోజు బొగ్గు మారుస్తారు. మొదట్లో మూడు నెలలకోసారి మార్చేవారు. కిందటిసారి మార్చి పద్నాలుగు నెలలైంది. ఈసారి మంచి రకం బొగ్గు దొరికిందని మేస్త్రి చెప్పాడు. అందరూ సంతోషంగా నమ్మారు.

వెనక వీధి వాళ్లు మాత్రం ఫిర్యాదు పెట్టారు. ఫిర్యాదు మీద మొదటి సంతకం అక్కది. కాలుష్య బోర్డు నుంచి విచారణకి వచ్చిన ఆఫీసరు ముందు మేస్త్రి లేచి నిలబడి, "రోజూ నేను స్వయంగా చూస్తున్నానండీ, వాసన లేదు. మా అక్కది అనుమానం జబ్బు," అన్నాడు. ఆవిడ చేతిసంచి తీసుకుని వెళ్లిపోయింది. తల్లి పోయాక తనని పెంచిన మనిషి ఆవిడ. ఫ్యాక్టరీ వాళ్లకి యూనిఫారాలు కుట్టి పెడుతూ, బతిమాలి, ఆ ఫ్యాక్టరీలోనే తమ్ముడికి పని ఇప్పించిన మనిషి. ఆ తర్వాత ఈ గడప ఆవిడ తొక్కలేదు, ఆ గడప వీళ్లు తొక్కలేదు.

"కొంచెం మందంగా ఉండేది," అన్నాడు మేస్త్రి. "అప్పటికి పూర్తిగా పోలేదు."

"కొంచెం మందంగా ఉందని ఆ రోజు చెప్పారా?"

"చెబితే నన్ను అక్కడ ఉంచుతారా? ముక్కు లేని ముక్కు మేస్త్రిని ఏం చేసుకుంటారు?"

ఆమె గిన్నె తీసి, అట్ట కట్టిన పాలు గీకడం మొదలుపెట్టింది. తిట్టాలని ఉంది. పక్కన కూర్చుని తల నిమరాలని కూడా ఉంది. రెండూ చెయ్యలేక గిన్నె గీకింది.

"అయినా నా ముక్కు పోయినంత మాత్రాన ఫిల్టరు పోయినట్టేనా?" అన్నాడు ఆయన. "బొగ్గు బాగానే ఉందేమో. నిజంగానే మంచి రకమేమో."

"అయితే పదండి. వెళ్లి చూద్దాం."

"ఎక్కడికి?"

"వదిన ఇంటికి. మీ ముక్కు పోయింది గానీ నాది ఉందిగా. ఇవాళ నాలుగింటికి ఆఫీసరు మళ్లీ వస్తున్నాడన్నారు. మళ్లీ లేదని సంతకం పెట్టే ముందు, ఉందో లేదో తెలుసుకుని పెట్టండి."

ఆయన పేపరు పక్కన పెట్టాడు. తర్వాత లేచి చొక్కా మార్చుకున్నాడు.

ఇద్దరూ ఫ్యాక్టరీ ముందు గేటు దాటి, సైకిళ్ల షెడ్డు దాటి, గోడ వెంబడే నడిచారు. ముందు వైపంతా మొక్కలు, తెల్ల సున్నం, శుభ్రంగా ఉంది. ఆమె లోపల కోరుకుంటోంది, ఏమీ ఉండకూడదని. తొమ్మిది నెలల మౌనం ఒక వట్టి అనుమానం వల్లే అయితే బాగుండునని, వదినదే తప్పయితే బాగుండునని కూడా ఒక క్షణం కోరుకుంది. అందుకు సిగ్గుపడింది.

వెనక వీధి మలుపు తిరగ్గానే కొట్టింది. కొత్త చెప్పుల పెట్టె మూత తీస్తే గుప్పుమనే వాసన, దాని వెంటే గోళ్ల రంగులాంటి తియ్యటి ఘాటు. గొంతులో సన్నగా గీరింది. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి ఆగింది.

పక్కన ఆయన గాలి పీల్చడం లేదు. ఆమె ముఖమే చూస్తున్నాడు.

"ఉందా?"

ఆమె తల ఊపింది.

"బాగా ఉందా?"

"ఉందండీ. బాగా ఉంది."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. ఎదురింటి అరుగు మీద ఒక ముసలాయన ప్రశాంతంగా గడ్డం గీసుకుంటున్నాడు. ఇద్దరు పిల్లలు సుద్దతో నేల మీద గళ్లు గీసి గెంతుతున్నారు. ఎవరి ముక్కుకీ గుడ్డ లేదు.

"వెళ్లిపోదాం," అన్నాడు మేస్త్రి.

కానీ అప్పటికే వదిన చూసింది. కుట్టుమిషను ముందు నుంచి లేచి, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా గుమ్మంలోకి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. వాళ్లని చూసి కోపగించుకుంటుందని ఇద్దరూ అనుకున్నారు. వదిన ముఖం వెలిగిపోయింది.

"వచ్చావట్రా," అంది. "వస్తావని నాకు తెలుసు. ఇవాళ కాకపోతే రేపైనా వస్తావనుకున్నాను. రా అమ్మాయ్, లోపలికి రా. చెప్పులు అక్కడెందుకు, లోపలే విడవండి."

లోపల గది నిండా అదే ఘాటు. కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీకి ఎదురుగా, పదడుగుల్లో, ఫ్యాక్టరీ గోడ. కిటికీ కిందే వదిన మంచం.

"కిటికీ తెరిచే పెడుతున్నావా వదినా?" అంది ఆమె.

"ఇప్పుడు భయమేముంది? ఇదివరకు గుడ్డలు కుక్కి మూసేదాన్ని, ఉక్కపోతకి ప్రాణం పోయేది. ఆర్నెల్ల నుంచి హాయిగా తెరుచుకునే పడుకుంటున్నాను." వదిన దగ్గింది. దగ్గు ఒకసారితో ఆగలేదు. గోడ పట్టుకుని నిలబడి, తగ్గాక నవ్వింది. "ఇదొకటి పట్టుకుంది. వయసు కదా."

వదిన టీ పెట్టడానికి వెళ్లింది. గదిలో భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోలేదు. ఆవిడ ఇంకా రాకముందే ఆమెకు అంతా అర్థమైపోయింది. ఆయనకీ అయింది, తెరిచిన కిటికీనే చూస్తున్నాడు.

మూడు కప్పులు ముందు పెట్టి వదిన స్టూలు మీద కూర్చుంది.

"పొద్దున్నే కాగితం ఇచ్చేశానురా తమ్ముడూ."

"ఏం కాగితం?"

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని. ఇంటింటికీ తిరిగి అందరి చేతా సంతకాలు పెట్టించాను. వాళ్లు కూడా ఇప్పుడంతగా తెలియడం లేదన్నారు. నీ పేరు కూడా రాయించాను, మా తమ్ముడు పూనుకుని వాసన లేకుండా చేశాడని. ఆఫీసరు నాలుగింటికి వస్తాడటగా, నీకు మంచి పేరు రావాలి."

"నేనా?" అన్నాడు మేస్త్రి.

"నువ్వు కాక ఇంకెవరు? నాకు తెలీదనుకున్నావా? నలుగురిలో అంత మాట అన్నావు. ఆ రోజు ఏడ్చాను, లేదనను. తర్వాత కొన్నాళ్లకి వాసన తగ్గుతూ వచ్చింది. అప్పుడర్థమైంది, వీడి పద్ధతే ఇంత అని. చిన్నప్పటినుంచీ నీకదే అలవాటు. తప్పని నోటితో ఒప్పుకోవు, చేత్తో దిద్దుకుంటావు. నా పలక పగలగొట్టి, మాటాడకుండా నీ పలక నా సంచిలో పెట్టేశావు, గుర్తుందా?"

మేస్త్రి కప్పు కింద పెట్టాడు.

ఆమె ఆయన్నే చూస్తోంది. ఊరుకుంటే ఏం పోతుంది అనిపించింది ఆమెకు, ఉన్న మాట చెప్పాలంటే. నాలుగింటికి ఆ కాగితం, ఈ పుస్తకం ఒకే మాట చెబుతాయి. ఆఫీసరు కాగితాలు సర్దుకుని వెళ్లిపోతాడు. ఉద్యోగం నిలబడుతుంది, పేరు నిలబడుతుంది, తెగిన అక్కాతమ్ముళ్లు కలుస్తారు. బొగ్గు ఏదో వంక చెప్పి మార్పించవచ్చు. ఇన్నాళ్లుగా చచ్చినట్టున్న ఇంటికి ప్రాణం వస్తుంటే, ఎవరు మాత్రం వద్దంటారు? ఆ గదిలో వాసన తెలిసే మనిషి తనొక్కతే, తను కూడా మాట్లాడలేదు.

"అక్కా," అన్నాడు మేస్త్రి. "నీకా టీ వాసన వస్తోందా?"

"టీకి వాసనేమిట్రా, వేడిగా ఉంటే చాలదూ?"

"తిండి రుచిగా ఉంటోందా?"

"ఈ వయసులో ఇంకా రుచులా?" వదిన నవ్వింది. నవ్వుతూ మరదలి వైపు చూసింది. మరదలు తల దించుకుంది. వదిన నవ్వు మెల్లగా ఆగిపోయింది. "ఏమిటి? ఏమైంది?"

"నా ముక్కు పోయిందక్కా. ఏడాదైంది. ఇవాళ తెలిసింది... తెలుసు, ఇవాళ ఒప్పుకున్నాను. నువ్వు వానాకాలంలో చెప్పిందంతా నిజం. వాసన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఈ గదిలో కూడా ఉంది. నీకు తెలియడం లేదు, నాకు తెలియనట్టే."

వదిన గట్టిగా గాలి పీల్చింది. మెడ చాచి, కిటికీ వైపు తిరిగి, మళ్లీ పీల్చింది. దగ్గొచ్చింది. దగ్గుతూనే మరదల్ని అడిగింది, "నిజమేనా అమ్మాయ్?"

"నిజమే వదినా. వీధి మలుపులోనే గుప్పుమంది."

"రోజూ కిటికీ తెరిచి పడుకుంటున్నానే," అంది వదిన, ఎవరితోనో చెబుతున్నట్టు.

"నాలుగింటికి ఆఫీసరు ముందు చెప్పేస్తాను," అన్నాడు మేస్త్రి. "పుస్తకంలో ఏడాదిగా నేను రాసిందంతా తప్పని చెబుతాను. బొగ్గు ఇవాళే తీయించమంటాను, మీటరు పెట్టమంటాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నీ కాగితం కూడా నేనే వెనక్కి అడిగి తీసుకుంటాను. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకుంటానక్కా."

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఇంత పెద్ద మాట అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. భయం వేసింది. భయంతో పాటు గర్వంగా కూడా ఉంది. ఇప్పుడు వదిన లేచి వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేస్తుందని ఎదురుచూసింది.

వదిన లేవలేదు. మెడలో టేపు తీసి, వేళ్లకి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. తమ్ముడు చెప్పిన మీటరు సంగతి, ఆఫీసరు సంగతి ఆవిడకి వినిపించినట్టే లేదు.

"అయితే," అంది, "నాకోసం నువ్వేమీ చెయ్యలేదన్నమాట."

మేస్త్రి లేచి కిటికీ తలుపులు రెండూ మూశాడు. వదిన ఆయన జవాబు కోసం చూస్తూనే ఉంది.